ఎం.ఈడీ. చేస్తే నా క్లాసు మారుతుందా? ఒక గణితం టీచరు ప్రశ్నకు నా జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూల్లో ఆరు, ఏడు తరగతులకు గణితం చెబుతున్నారు. బీఎస్సీ, బీఈడీ చదివారు, సర్వీసు ఎనిమిదేళ్లు నిండింది. ఎం.ఈడీ. గానీ ఎం.ఏ. ఎడ్యుకేషన్ గానీ చేద్దామని ఉంది. స్టాఫ్ రూంలో ఒకరు "అది సర్టిఫికెట్‌కే, పిల్లలకు ఒరిగేదేమీ ఉండదు" అన్నారు. ఇంకొకరు "చదివితే ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువు, సబ్జెక్టన్నా గట్టిపడుతుంది" అన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. మారుతుంది. నా క్లాసు మారింది. నేను పాఠం చెప్పే తీరు మాత్రం మొదట మారలేదు, అది చాలా తర్వాత. మొదట మారింది పిల్లవాడి తప్పు జవాబును నేను చూసే తీరు. మిగిలినవన్నీ దాని వెనకే వచ్చాయి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి: చదువుతున్న రోజుల్లో మీ చేతిలో ఒక క్లాసు ఉండి, ఆ పిల్లల నోట్సులు మీ చదువులోకి వస్తేనే ఈ మార్పు వస్తుంది. లేకపోతే మీ స్టాఫ్ రూంలో మొదటాయన అన్నదే నిజమవుతుంది.

నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో గణితం స్కూల్ అసిస్టెంటుని. 22 ఏళ్లుగా ఎక్కువగా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులే చెబుతున్నాను. పదకొండో ఏట దూరవిద్యలో ఎం.ఏ. ఎడ్యుకేషన్‌లో చేరాను. సెలవు పెట్టి ఎం.ఈడీ. చేసే వీలు ఇంట్లో లేదు. పేరు వెనక ఇంకో డిగ్రీ ఉంటుందన్న ఆలోచనే తప్ప, చేరేటప్పుడు నాకు వేరే ఆశ ఏదీ లేదు.

మొదటి ఏడాది పుస్తకాల్లో పిల్లలు ఎలా నేర్చుకుంటారో రాసిన మనస్తత్వవేత్తలు పియాజె, వైగాట్‌స్కీ, బ్రూనర్ మళ్లీ ఎదురయ్యారు. బీఈడీలో వీళ్లను పది మార్కుల జవాబుగా బట్టీ పట్టినదాన్నే. అయితే ఈసారి ఆ పేజీలు చదువుతుంటే నా ఏడో తరగతి పిల్లల మొహాలు కళ్ల ముందుకు వచ్చేవి. సాయం ఉంటే చేయగలిగే పనికీ సొంతంగా చేయగలిగే పనికీ మధ్య ఉన్న దూరంలోనే నేర్చుకోవడం జరుగుతుందని వైగాట్‌స్కీ అన్నాడు. ఆ మాటకు బీఈడీలో నా దగ్గర ఉదాహరణ లేదు. పదకొండేళ్ల సర్వీసు తర్వాత పేర్లతో సహా నలభై మంది ఉన్నారు. అందుకే బీఈడీ అవగానే కొనసాగించి ఎం.ఈడీ. చేసేవాళ్ల కన్నా, మీలా కొన్నేళ్లు బోధించి వెళ్లేవాళ్లకు ఆ చదువు ఎక్కువ ఇస్తుందని నా నమ్మకం.

అసలు మలుపు రెండో ఏడాది డెజర్టేషన్‌తో, అంటే కోర్సులో భాగంగా రాయాల్సిన పరిశోధన వ్యాసంతో వచ్చింది. గైడు గారు నేను రాసుకెళ్లిన పెద్ద టైటిల్ చూసి, "ఇదంతా ఎందుకమ్మా, మీ క్లాసులో పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఎక్కడ? అది పట్టుకోండి" అన్నారు. దశాంశ భిన్నాలు అన్నాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇందులోనే ఉంది.

4.8, 4.63లో ఏది పెద్దది? క్లాసులో చాలామంది 4.63 అంటారు, ఎనిమిది కన్నా అరవై మూడు పెద్దది కాబట్టి. ఇది మనందరికీ తెలిసిన తప్పే. పదేళ్లు నేను దానికి ఒకే మందు వేశాను: "సున్నా పెట్టి చూడండి, 4.80, 4.63, ఇప్పుడు చెప్పండి." పిల్లలు సరిగ్గా చెప్పేవాళ్లు, నేను టిక్కు పెట్టేదాన్ని. డెజర్టేషన్ కోసం చదువుతుంటే ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన కే స్టేసీ, విక్కీ స్టెయిన్లే ఇదే విషయం మీద ఏళ్ల తరబడి చేసిన పని కంటపడింది. ఈ తప్పు ఒకటి కాదు, కనీసం రెండు రకాలు అని అప్పుడు తెలిసింది. మొదటి రకం పిల్లలకు పాయింట్ తర్వాత అంకెలు ఎక్కువ ఉన్న సంఖ్య పెద్దది. రెండో రకం వాళ్లకు అంకెలు తక్కువ ఉన్నదే పెద్దది.

రెండో రకం పిల్లలు నా క్లాసులో లేరనుకున్నాను. ఉంటే పదేళ్లలో కనపడరా అనుకున్నాను. అయినా రెండే ప్రశ్నలు బోర్డు మీద రాశాను: 4.8, 4.63లో ఏది పెద్దది? 5.736, 5.62లో ఏది పెద్దది? మొదటి రకం పిల్లవాడికి మొదటిది తప్పుతుంది, రెండోది సరిపోతుంది. రెండో రకం వాడికి మొదటిది సరిపోతుంది, రెండోది తప్పుతుంది. కాయితాలు తెచ్చుకుని ఇంట్లో రాత్రి విడదీస్తుంటే రెండో కుప్ప కూడా పెరుగుతూ వచ్చింది. అందులో నేను బాగా చదువుతారనుకున్న పిల్లల కాయితాలు ఉన్నాయి. పదేళ్లుగా 4.8 అని రాసిన ప్రతి కాయితానికీ నేను మార్కు వేశాను. వాళ్లలో కొందరు తప్పుడు కారణంతో ఆ సరైన జవాబుకు వచ్చారు. సరైన జవాబు వెనక తప్పు ఆలోచన దాక్కుని ఉంటుందని ఆ రాత్రి కళ్లారా చూశాను. ఇప్పటికీ స్లిప్ టెస్టు పేపరు తయారు చేసేటప్పుడు ఆ రెండు కుప్పలు గుర్తొస్తాయి.

మర్నాడు రెండో కుప్పలోని ఒక పాపను అడిగాను, 5.62 పెద్దదని ఎందుకు రాశావమ్మా అని. "వెయ్యో వంతు అంటే బాగా చిన్న ముక్క కదా టీచర్, 5.736లో చిన్న ముక్కలున్నాయి, అందుకే అది చిన్నది" అంది. అది తెలివితక్కువతనం కాదు. నేను చెప్పిన పాఠంలోంచే ఒక ముక్క పట్టుకుని తనంతట తాను కట్టుకున్న తర్కం అది. ఆ పాపకు "సున్నా పెట్టి చూడు" అంటే ఆ లెక్క వరకు జవాబు మారుతుంది, తర్కం అలాగే ఉంటుంది.

మొదటి రకం తప్పుకు నా నోరు కూడా కారణమని ఇంకా ఆలస్యంగా తెలిసింది. 4.63ని నేను "నాలుగు పాయింట్ అరవై మూడు" అని చదివేదాన్ని. బజార్లో అందరూ అలాగే అంటారు. అరవై మూడు అని నేనే అంటూ ఎనిమిది కన్నా అది చిన్నదని పిల్లవాణ్ని నమ్మమంటే ఎలా? అప్పటి నుంచి "నాలుగు పాయింట్ ఆరు మూడు" అంటున్నాను. కొత్తలో "నాలుగు, పదింట ఆరు వంతులు, నూరింట మూడు వంతులు" అని పూర్తిగా చదివిస్తాను. మీటరు రిబ్బను తీసుకుని పది భాగాలు, అందులో ఒకదాన్ని మళ్లీ పది భాగాలు పిల్లలతోనే గుర్తులు పెట్టిస్తాను. ఎక్కువ అంకెలే పెద్దవి అనేవాళ్లకు రిబ్బను చాలు. ముక్క చిన్నదైతే సంఖ్యా చిన్నదే అనే పాపకు సంఖ్యారేఖ కావాలి, 5.7కీ 5.8కీ మధ్య ఏముందో దగ్గరగా పెంచి చూపించాలి. ఒకే లెక్క తప్పింది, మందులు మాత్రం రెండు.

మా ఊరి పిల్లలు పత్తి ఏరడానికి వెళ్తారు. కిలోకు ఇంత అని కూలి. కాంటా అనుభవంతో చెబితే అర్థమవుతుందని ఆశపడ్డాను. 4.8 కిలోలకు కూలి ఎక్కువా, 4.63 కిలోలకా అంటే టక్కున సరిగ్గా చెప్పారు. నోట్సులో మాత్రం మళ్లీ అదే తప్పు. ఎందుకంటే ఎలక్ట్రానిక్ కాంటా మీద ఎప్పుడూ 4.800, 4.630 అని సమానంగా అంకెలు పడతాయి. పిల్లలు దాన్ని నాలుగు కిలోలు, ఎనిమిది వందల గ్రాములు అని రెండు పూర్ణసంఖ్యలుగా చదువుకుంటారు. దశాంశం అసలు వాళ్లకు ఎదురే కాలేదు. రూపాయలు, పైసలూ అంతే. "నిత్యజీవిత ఉదాహరణ చెప్పండి" అని ట్రైనింగుల్లో మనకు ఎన్నోసార్లు చెప్పారు కదా, ఆ ఉదాహరణ ఏ కష్టాన్ని దాచేస్తుందో చూడాలని మాత్రం నేను ఈ చదువులోనే నేర్చుకున్నాను.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలై, రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. 2/3ని ఇప్పుడు పిల్లలు "టూ బై త్రీ" అంటున్నారు. ఆ మాటలో రెండు అంకెలు, మధ్యలో ఒక గీత తప్ప ఏమీ లేదు. మన తెలుగులో "మూడింట రెండు వంతులు" అంటాం. మొత్తాన్ని మూడు చేశాం, అందులో రెండు తీసుకున్నాం అని మాటలోనే అర్థం ఉంది, హారం ముందు, లవం తర్వాత. కొరియన్ భాషలో కూడా భిన్నం పేరు ఈ వరసలోనే ఉంటుంది, అది అక్కడి చిన్నపిల్లలకు బొమ్మకూ భిన్నానికీ జత కుదర్చడంలో సాయపడుతోందని 1999లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అది చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా అమ్మమ్మ నోటి మాటలో ఉన్న గణితాన్ని నేను పుస్తకం భాష కోసం వదిలేశానని అర్థమైంది. మీడియం ఏదైనా సరే, భిన్నాల పాఠంలో మొదటి వారం నేను "మూడింట రెండు" అనే అనిపిస్తాను, ఆ తర్వాతే "టూ బై త్రీ".

డెజర్టేషన్ కాకుండా నా క్లాసును కదిలించినవి ఇంకో రెండు ఉన్నాయి. అవి క్లుప్తంగా.

ఒక అసైన్‌మెంటు కోసం నా పీరియడ్‌ను ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. ప్రశ్న అడిగి నేను ఆగిందే లేదు. 1970లలో మేరీ బడ్ రో అనే ఆవిడ అమెరికాలో సైన్స్ క్లాసులు రికార్డు చేసి, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను దాకానే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారని గమనించింది. నా రికార్డింగులో ఇంకొకటి వినబడింది: ప్రతి రెండు నిమిషాలకూ నా గొంతు "అర్థమైందా?", క్లాసంతా ఒకే రాగంలో "అయ్యింది టీచర్". ఆ "అయ్యింది"లో ఎవరికి అయ్యిందో, ఎవరికి కాలేదో ఏమీ లేదు. "అర్థమైందా?" అని అడగడం మానేశాను. దాని బదులు చిన్న లెక్క ఇచ్చి, మూడు సెకన్లు మనసులో లెక్కపెట్టుకుని, ఒకరి పేరు పిలుస్తాను. మొదటి నెల ఆ నిశ్శబ్దం భరించడం చాలా కష్టమైంది. వెనక బెంచీలోని ఒక బాబు జూన్ నుంచి దసరా దాకా నోరు విప్పలేదు. ఆ మూడో సెకనులోనే మొదటిసారి మాట్లాడాడు.

రెండోది నోట్సులు దిద్దడం. 1988లో ఇజ్రాయెల్‌లో రూత్ బట్లర్ ఐదు, ఆరు తరగతుల పిల్లల మీద చేసిన పనిలో, వ్యాఖ్య మాత్రమే రాసి ఇచ్చిన పిల్లలు మెరుగయ్యారు, మార్కు వేసి పక్కన వ్యాఖ్య రాస్తే ఆ లాభం పోయింది. పిల్లలు మార్కు చూసి పుస్తకం మూసేస్తారని మనకు తెలుసు, కానీ అలవాటు వదలం. రిజిస్టరులో ఎక్కించాల్సిన మార్కులు తప్పవు, అవి వేస్తాను. రోజువారీ హోంవర్క్‌లో మాత్రం మార్కు, గ్రేడు లేకుండా ఒక్క వాక్యం రాస్తాను: "మూడో మెట్టులో గుర్తు ఎందుకు మారింది? నాకు చెప్పు." అందరివీ ఒకే రోజు కుదరదు. రోజుకు పది పుస్తకాలు, వంతులవారీగా.

ఇదంతా విని ఏడాదిలో క్లాసు మారిపోతుందనుకోకండి. చదువు పూర్తయిన మొదటి ఏడాది నా క్లాసు పాడైంది. చదివినవన్నీ ఒకేసారి ఎనిమిదో తరగతి మీద పెట్టాను: గ్రూపులు, ప్రాజెక్టులు, చర్చలు, పిల్లలే కనుక్కోవాలన్న పట్టుదల. టర్ము చివర పెట్టే సమ్మెటివ్ పరీక్ష నాటికి రెండు యూనిట్లు మిగిలిపోయాయి. బాగా చదివే పిల్లలకు కూడా మార్కులు తగ్గాయి. తల్లిదండ్రులు వచ్చి అడిగారు, వాళ్లు అడగడం న్యాయమే. హెచ్‌ఎం గారు కోప్పడలేదు, "ఒక్కొక్కటి చేయమ్మా" అన్నారు. అప్పటి నుంచి ఒక టర్ముకు ఒకే మార్పు అన్న నియమం పెట్టుకున్నాను. ఆ ఏడాది పిల్లలకు నేను బాకీ పడ్డానన్న బాధ ఇప్పటికీ ఉంది, అందుకే మీకు ముందే చెబుతున్నాను.

ఇక ఎమ్మెస్సీ మాట. సబ్జెక్టు పట్టు అవసరమే, కాదనను. అయితే ఆరు, ఏడు తరగతులకు కావలసిన పట్టు వేరే రకం. లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ఎలిమెంటరీ టీచర్లను 1¾ ÷ ½ చేయమని, దానికి ఒక కథ లెక్క చెప్పమని అడిగింది. చైనా టీచర్లలో ఎక్కువమంది తొమ్మిదో తరగతి తర్వాత రెండు మూడేళ్ల టీచర్ ట్రైనింగు మాత్రమే చదివినవాళ్లు, అయినా 72 మందీ సరిగ్గా చేశారు. అమెరికా వాళ్లు డిగ్రీలు ఉన్నవాళ్లు, చేయబోయిన 21 మందిలో పూర్తిగా సరిగ్గా చేసింది తొమ్మిది మంది. అర్థం సరిపోయే కథ చెప్పగలిగింది ఒక్కరు. చాలామంది అరతో భాగించడాన్ని ఇద్దరికి పంచడంగా చెప్పారు.

అది చదివి పుస్తకం మూసి నేనూ ప్రయత్నించాను. నాకూ మొదట ఇద్దరికి పంచే కథే వచ్చింది. తర్వాతే తట్టింది: ఒకటీ ముప్పావు లీటర్ల పాలు అర లీటరు సీసాల్లో పోస్తే ఎన్ని సీసాలు? మూడున్నర. ఎమ్మెస్సీలో రియల్ అనాలిసిస్, టోపాలజీ చదివిన మిత్రులకు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ఇదే ఇచ్చాను, వాళ్లూ తడబడ్డారు. పై గణితం కిందికి దానంతట అదే దిగి రాదు. పిల్లలకు ఎలా చెబితే అర్థమవుతుంది, ఎక్కడ తడబడతారు, ఏ ఉదాహరణ ఎందుకు పనికొస్తుంది అన్న జ్ఞానం సబ్జెక్టు జ్ఞానంలోనే ఒక ప్రత్యేక శాఖ అని లీ షుల్‌మన్ 1986లో రాశాడు. మీకు కావలసింది అది. జూనియర్ లెక్చరరు కావాలన్నది మీ లక్ష్యమైతే ఎమ్మెస్సీ తప్పదు, అది వేరే లెక్క.

మీ సహోద్యోగి "పిల్లలకు ఒరిగేదేమీ లేదు" అన్నదాన్నీ నేను కొట్టిపారేయను. అమెరికాలో చాలాచోట్ల మాస్టర్స్ డిగ్రీ ఉన్న టీచరుకు జీతం ఎక్కువ. అయినా ఆ డిగ్రీ ఒక్కదాని వల్ల పిల్లల ఫలితాలు పెరిగిన దాఖలా అక్కడి పరిశోధనల్లో పెద్దగా కనిపించలేదు. మన దగ్గర కూడా గైడు పుస్తకం కొని, పాత డెజర్టేషన్ కాపీ చేసి పాసైనవాళ్లు ఉన్నారు, వాళ్ల క్లాసు ఎందుకు మారుతుంది?

కాబట్టి చేరే ముందు చూసుకోవలసినవి. ఎం.ఈడీ. రెగ్యులర్ కోర్సు 2015లో రెండేళ్లు అయ్యింది, ఇప్పుడు ఎంతో చేరే ముందు చూసుకోండి. ఎంతైనా ఆ కాలమంతా మీరు క్లాసుకు దూరమవుతారు. డైట్ (జిల్లా టీచర్ ట్రైనింగు సంస్థ) లెక్చరర్ లాంటి పోస్టు ఆశ ఉంటే ఎక్కువగా ఎం.ఈడీ. అడుగుతారు, ఎం.ఏ. ఎడ్యుకేషన్ దానికి సమానం అనుకుని మోసపోకండి, నోటిఫికేషన్ చదివి నిర్ణయించుకోండి. క్లాసు కోసమే అయితే ఇగ్నో ఎం.ఏ. ఎడ్యుకేషన్ లాంటి దూరవిద్య మంచిది, ఉదయం చదివింది మధ్యాహ్నం ఏడో తరగతిలో వాడి చూడొచ్చు. ఏ కోర్సులో చేరినా డెజర్టేషన్ అంశం మాత్రం సొంత క్లాసు నుంచి తీసుకోండి. "ఉపాధ్యాయుల వైఖరి", "ఒత్తిడి" లాంటి ప్రశ్నావళి అంశాలు తేలిగ్గా అయిపోతాయి. రెండేళ్ల చదువులో మీ చేతికి వచ్చే ఒక్క మంచి అవకాశం వాటితో పోతుంది.

ఇంకొకటి, మన రాష్ట్ర గణితం పుస్తకాల్లో "ఆలోచించి, చర్చించి రాయండి" అన్న పెట్టెలు ఉంటాయి కదా. టైం లేదని నేను ఏళ్ల తరబడి వాటిని దాటేశాను. అవి ఎందుకు అక్కడ పెట్టారో చదువు తర్వాత తెలిసింది, చాలా వాటిలో పిల్లలు పడే తప్పుదారినే ప్రశ్నగా మార్చి ఉంచారు. మీరు ఏ కోర్సులోనూ చేరకపోయినా వాటితో మొదలుపెట్టవచ్చు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. రేపు మీ ఏడో తరగతిలో ఆ రెండు ప్రశ్నలు, 4.8, 4.63 ఒకటి, 5.736, 5.62 ఒకటి, బోర్డు మీద రాసి, ఎందుకో ఒక వాక్యం రాయమని చెప్పి కాయితాలు తీసుకోండి. మార్కులు వేయకండి. ఇంట్లో కూర్చుని కుప్పలుగా విడదీయండి. రెండో కుప్పలో ఏం రాశారో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.